‘మెత్తర్ ఆఁ సెన్’: దర్శకుడా, ప్రయోక్తా?

ప్రశ్న: ఫ్రెంచి రంగస్థల ప్రముఖుడు జెరోమ్ దెషాఁ మీద వ్యాసం రాస్తున్నాను. ఫ్రెంచివాళ్ళు ఆయన్ని ‘మెత్తర్ ఆఁ సెన్’ అంటారు. ‘దర్శకుడు’ అని రాస్తే మనవాళ్ళు సినిమా మనిషి అనుకుంటారేమో. వేరే మాట ఉందా అండీ?

జవాబు: ఉందండీ, ‘ప్రయోక్త’. పాతతరం నాటక సమీక్షల్లో బాగా కనిపించే మాటే. ప్రయోగం అంటే ప్రదర్శన. కాళిదాసు ‘మాళవికాగ్నిమిత్రం’లో పరివ్రాజిక ‘ప్రయోగప్రధానం హి నాట్యశాస్త్రమ్’ అంటుంది. ఫ్రెంచిలో సినిమా, టీవీ తీసేవాళ్ళకు ‘రెయాలిజాతర్’ అని వేరే మాట ఉంది. ‘మెత్తర్ ఆఁ సెన్’ని సినిమావాళ్ళకూ వాడతారు గానీ దాని పుట్టిల్లు నాటకమే.

దెషాఁకి ఈ మాట ఇంకా బాగా నప్పుతుంది. 1947లో పుట్టిన ఈయన మొదట నటుడు. ఫ్రాన్సు జాతీయ నాటకశాల కొమెదీ ఫ్రాన్సేజ్‌లో పనిచేశారు, ప్రసిద్ధ నాటక ప్రయోక్త ఆంత్వాన్ వితేజ్ నాటకాల్లో వేషాలు వేశారు. తర్వాత మాషా మకెయెఫ్‌తో కలిసి సొంత బృందం పెట్టి, ఎవరో రాసిచ్చిన నాటకం కాకుండా రిహార్సల్‌లో నటులతోనే ప్రదర్శన తయారుచేయడం మొదలుపెట్టారు. మాటలు తక్కువ. మొండికేసే వస్తువులతో మనుషుల అవస్థలే అందులో కథ. 1989 నాటి ‘లపాఁ షాసర్’ చూడండి: ప్రేక్షకుల్లో సగంమంది హోటల్ భోజనాల గది వైపు, సగంమంది వంటగది వైపు కూర్చుంటారు. విరామంలో వైపులు మారతారు. ఒకవైపు విన్న చప్పుడుకి కారణం రెండోవైపు కూర్చున్నాక తెలుస్తుంది. ఇలాంటిది కాగితం మీద పుట్టదు, రంగం మీదే పుట్టాలి. అందుకే ‘ప్రయోక్త’ అంటున్నాను.

మరొకరు: ప్రయోక్త అంటే ఇప్పుడు మైకు పట్టుకుని సభ నడిపేవారు కదండీ? ‘సూత్రధారి’ అంటే సరిపోదా?

జవాబు: మీరన్నది నిజమే. అందుకని మొదటిసారి ‘నాటక ప్రయోక్త’ అని పూర్తిగా రాసి, ఆ తర్వాత ‘ప్రయోక్త’ అంటే చాలు. సూత్రధారి మాత్రం వద్దు. సంస్కృత నాటకంలో అతను ప్రస్తావనలో స్వయంగా రంగం మీదికొచ్చే పాత్ర. ఇప్పటి పేపర్లలోనైతే కుట్రలకే సూత్రధారులు!

ప్రశ్న అడిగినవారు: మరి టీవీ హాస్యం? 1993 నుంచి కనాల్ ప్లుస్ ఛానెల్లో వచ్చిన ‘లె దెషియాఁ’కి ఏమని రాయాలి?

జవాబు: అక్కడ ‘రూపకర్త’ అనండి, మకెయెఫ్ పేరు కూడా తప్పకుండా చేర్చండి. ఆమెను వదిలేసి రాయడం అన్యాయం. ‘దెషియాఁ’ అన్నది ఆ పాత్రల కుటుంబం పేరు. ఆ కుటుంబం టీవీలో పుట్టలేదు, 1979లోనే దెషాఁ, మకెయెఫ్‌ల నాటకంలో ఉంది. యోలాండ్ మొరో, ఫ్రాన్స్వా మొరెల్ లాంటి బృందం నటులే టీవీకి వచ్చారు. కెమెరా కదలదు. బోసి గోడ ముందు నిలబడి మాట్లాడతారు, అంతే. అది టీవీలోకి తెచ్చిన రంగస్థలమే. పల్లె జనాన్ని, పేదల్ని వెక్కిరిస్తున్నారని అప్పట్లో ఫ్రాన్సులో కొందరు తప్పుపట్టారు. నాకలా అనిపించదు. మొరెల్ ఎంత మొండివాదన చేసినా ఆ మనిషి మీద చులకన కలగదు, దగ్గరివాడే అనిపిస్తాడు. ఈ చూపు వెనక ఫ్రెంచి హాస్యచిత్రాల దర్శకుడు, నటుడు జాక్ తాతీ ఉన్నాడని నా నమ్మకం. తాతీ దెషాఁకి చుట్టరికమే. తాతీ సినిమాల్ని బాగుచేయించి మళ్ళీ తెరమీదికి తెచ్చినవారిలో దెషాఁ ఒకరు.

ఒపెరాకి కూడా ప్రయోక్తే. 2007 నుంచి 2015 దాకా పారిస్‌లోని ఒపెరా కొమిక్ అనే సంగీతనాటకశాలకి సారథ్యం వహించిన కాలానికి మాత్రం ‘సంచాలకుడు’ అనండి, అది పాలన ఉద్యోగం. 2019లో మొలియేర్ ‘లె బూర్జువా జాంటియోమ్’ని ఆడించి, తానే అందులోని ముఖ్యపాత్ర జూర్డాన్ వేషం కట్టారు. అక్కడ ‘ప్రయోక్త, నటుడు’ అని రెండూ వేయండి.