పొద్దున పూట అస్సలు స్టార్ట్ కాని 100 సీసీ బండి, ముందు ఏం చూడాలి?

ప్రశ్న:
అన్నా నాది పాత 100 సీసీ ఫోర్ స్ట్రోక్ బండి, కార్బొరేటర్‌దే (పెట్రోల్‌ని గాలితో కలిపి ఇంజిన్‌కిచ్చేది). రాత్రంతా ఆపి ఉంచి పొద్దున తీస్తే కాలు పీకేదాకా కిక్ కొట్టాల్సొస్తోంది, చోక్ వేసినా వేయకపోయినా ఒకటే. ఎలాగోలా అందుకున్నా కాసేపు యాక్సిలరేటర్ పట్టుకునే ఉండాలి, వదిలితే ఆగిపోద్ది. వేడెక్కాక మాత్రం ఒక్క కిక్కే. ప్లగ్ కొత్తదేశా, ఎయిర్ ఫిల్టర్ క్లీన్ చేశా, తేడా లేదు. ఒకాయన కార్బ్ మార్చేయమంటాడు, ఇంకొకాయన బోర్ పోయిందంటాడు, అంటే సిలిండర్ అరిగిపోయిందని, డబ్బు పెట్టేముందు అసలు సంగతేంటో తెలియాలి.

జవాబు 1:
ముందు ఏదీ మార్చకండి. చోక్ వేసి, యాక్సిలరేటర్ ముట్టుకోకుండా నాలుగైదు కిక్కులు కొట్టి వెంటనే ప్లగ్ విప్పి చూడండి. తడిగా పెట్రోల్ వాసనొస్తుంటే పెట్రోల్ అందుతున్నట్టే, అప్పుడు స్పార్కో కంప్రెషనో (పిస్టన్ గాలిని నొక్కే బలం) చూసుకోవాలి. పొడిగా ఉంటే పెట్రోలే లోపలికి రావట్లేదు, మీరెన్ని ప్లగ్గులు మార్చినా అంతే. యాక్సిలరేటర్ ఎందుకు వద్దంటున్నానంటే చోక్ గాలిదారి మూస్తేనే ఇంజిన్ పీల్పు పెరిగి పెట్రోల్ ఎక్కువ లాగుద్ది, మీరు తిప్పగానే స్లో జెట్ (కార్బ్‌లో స్టార్టింగ్‌కి పెట్రోల్ ఇచ్చే చిన్న ఇత్తడి గొట్టం) దగ్గర ఆ పీల్పు పడిపోద్ది, చాలామంది చల్లటి బండిని కష్టపెట్టేది ఇక్కడే.
స్పార్క్ చూడాలంటే ప్లగ్ క్యాప్‌లో పెట్టి ప్లగ్ బాడీని హెడ్‌కి ఆనించి కిక్ కొట్టండి, నీలంగా టప్‌మని రావాలి. ప్లగ్ రంధ్రం గుడ్డతో మూసి, ప్లగ్‌ని దానికి దూరంగా పెట్టి చేయండి, పెట్రోల్ ఆవిరి అంటుకుంటుంది.

జవాబు 2:
పొగ లేకుండా, ఆయిల్ తగ్గకుండా ఉంటే బోర్ జోలికి ఇప్పుడే పోవద్దు తమ్ముడూ, ట్యాపెట్లు చూసుకో, అంటే వాల్వుల దగ్గర వదిలే సన్నటి సందు. సౌండ్ రాకూడదని టైట్‌గా బిగించేస్తారు, అప్పుడు వాల్వ్ పూర్తిగా మూసుకోక కంప్రెషన్ లీకవుద్ది, పొద్దున స్టార్టింగ్ చచ్చిపోద్ది. సన్నగా టిక్ టిక్ అన్నా నష్టం లేదు, అస్సలు సౌండ్ లేదంటేనే నాకు అనుమానం. ఇంజిన్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు మాగ్నెట్ మీద 'T' అక్షరం గుర్తు (పిస్టన్ పైకొచ్చిందని చూపేది) కలిపి, రెండు రాకర్లూ (వాల్వుల్ని నొక్కే చేతులు) లూజుగా ఉన్నాయో లేదో చూసి, అప్పుడు ఫీలర్ గేజ్ (సందు కొలిచే పల్చటి రేకు) పెట్టు. చిన్న ఇంజిన్లలో చాలావాటికి ఈ సందు 0.05 నుంచి 0.10 మి.మీ. ఉంటుంది కానీ నీ బండి మాన్యువల్‌లో ఉన్నదే ఫైనల్.

ప్రశ్న అడిగినాయన:
చూశా అన్నా, ప్లగ్ పొడిగానే ఉంది. స్పార్క్ నీలంగా బాగానే వస్తోంది. కార్బ్ కింద డ్రెయిన్ స్క్రూ వదిలి ఆ పెట్రోల్ గ్లాసులో పట్టా, అడుగున నీటి బొట్లు విడిగా కనపడుతున్నాయి. కిక్ గట్టిగానే ఉంది, అంటే కంప్రెషన్ బాగున్నట్టే.

జవాబు 1:
దొరికినట్టే! ఇప్పటి పెట్రోల్‌లో ఇథనాల్ ఉంటుంది, అది తేమని పట్టుకుంటుంది, ఎక్కువైతే నీళ్ళతో కలిసి అడుక్కి దిగిపోద్ది. బౌల్ (కార్బ్ కింద పెట్రోల్ నిలిచే గిన్నె) అడుగున ఇలా నీళ్ళు, చెత్త చేరితే ముందు మూసుకుపోయేది స్లో జెట్టే, దాని రంధ్రం వెంట్రుకంత ఉంటుంది. స్టార్టింగ్‌కీ ఐడ్లింగ్‌కీ పెట్రోల్ ఇచ్చేది అదే, అందుకే మీకు ఈ రెండే ఇబ్బంది, రన్నింగ్‌లో లేదు. జెట్ విప్పి వెలుతురుకి పట్టి చూడండి, గుండ్రంగా వెలుగు కనపడాలి. సూది, స్టీలు తీగ పెట్టి పొడవద్దు, ఇత్తడి మెత్తన, రంధ్రం పెద్దదైతే ఇంక బండి పెట్రోల్ తాగేస్తుంది, కార్బ్ క్లీనర్ కొట్టి గాలి పట్టించండి చాలు. ఎయిర్ స్క్రూ (ఐడ్లింగ్‌లో గాలి పాళ్ళు సరిచేసేది) విప్పేముందు లోపలికి మెల్లగా తిప్పి ఎన్ని చుట్లున్నాయో లెక్క రాసుకోండి.
ట్యాంక్ కూడా ఖాళీ చేయండి, ఇది మర్చిపోవద్దు, నీళ్ళు అక్కడుంటే వారంలో మళ్ళీ కార్బ్‌లోకొస్తాయి. మూత రబ్బరు కూడా చూడండి, వాన నీళ్ళు దిగేది చాలావరకు అక్కణ్ణుంచే. ఐడ్లింగ్ సెట్టింగ్ మాత్రం ఇంజిన్ బాగా వేడెక్కాకే, చోక్ పూర్తిగా తీసేసి చేసుకోండి.