సైకిల్ లైటు బ్యాటరీ ప్యాక్‌లోకి వాన నీరు ఏ దారిన వస్తోంది?

ప్రశ్న:

నమస్కారం. సైకిల్ ముందు లైటు కోసం రెండు 18650 రకం (చిన్న గొట్టం ఆకారపు) లిథియం అయాన్ సెల్లను సిరీస్‌లో కలిపి, రక్షణ సర్క్యూట్‌తో సహా ఒక ప్యాక్‌గా నేనే తయారు చేసుకున్నాను. నిండుగా ఛార్జ్ అయినప్పుడు 8.4 వోల్టులు చూపిస్తుంది. దానిని చిన్న ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి, మూత అంచు చుట్టూ సిలికాన్ సీలెంట్ పూసి, ఫ్రేమ్ పైగొట్టం కింద కట్టాను. హ్యాండిల్ దగ్గర ఉన్న లైటు నుండి వైరు నేరుగా డబ్బా పక్కనున్న రంధ్రంలోకి దిగుతుంది.

రెండు నెలలు బాగా పనిచేసిన ఈ ఏర్పాటు, నిన్న గంటసేపు వానలో తొక్కిన తరువాత మినుకుమినుకుమంటూ ఆగిపోయింది. ఇంటికి చేరగానే తెరిచి చూస్తే అడుగున చెంచాడు నీరు ఉంది. సర్క్యూట్ బోర్డుపై ప్లస్ వైరు సోల్డర్ చేసిన చోట పచ్చని చిలుము కనిపించింది. మూత దగ్గర సీలెంట్ ఎక్కడా ఊడలేదు. ఈసారి డబ్బా మొత్తాన్ని ఎపాక్సీతో (ఆరాక రాయిలా గట్టిపడే జిగురుతో) నింపేయాలని ఆలోచిస్తున్నాను. అది సరైన పనేనా?

సమాధానం 1:

మీ మూత తప్పేమీ లేదు. నీరు వైరు వెంట వచ్చి ఉంటుంది. లైటు ఎత్తులోనూ డబ్బా పల్లంలోనూ ఉన్నందున, వైరుపై పడిన ప్రతి చుక్కా జారుతూ రంధ్రం దగ్గరకే చేరుతుంది. అంతకంటే ముఖ్యమైన విషయం, వాడుతున్నప్పుడు వెచ్చబడిన డబ్బా వాన తగలగానే చల్లబడుతుంది. లోపలి గాలి 40 డిగ్రీల నుండి 20 డిగ్రీలకు దిగితే దాని పీడనం 6 శాతానికి పైగా పడిపోతుంది. ఇది 60 సెంటీమీటర్లకు పైగా లోతున్న నీరు నెట్టే బలంతో సమానం. అప్పుడు సన్నని సందు దొరికినా చాలు, డబ్బా నీటిని లోపలికి పీల్చుకుంటుంది. వైరు తొడుగు లోపల రాగి పోగుల మధ్య ఉండే ఖాళీలు కూడా అలాంటి సందులే.

కాబట్టి వైరును డబ్బా అడుగు నుండి పైకి ఎక్కేలా, ముందుగా కిందికి ఒక వంపు తిప్పి అమర్చండి. చుక్కలు ఆ వంపు దగ్గరే రాలిపోతాయి. లోపలికి వెళ్ళే చోట కేబుల్ గ్లాండ్ (వైరు చుట్టూ బిగుసుకొని రంధ్రాన్ని మూసే బిరడా లాంటిది) బిగించండి. దాని లోపలి వైపున కొద్ది మేర తొడుగు తీసి, పోగుల మధ్య సోల్డర్ నిండేలా కరిగించి, పైన లోపల జిగురు పూత ఉన్న హీట్ ష్రింక్ గొట్టం (వేడి చేస్తే ముడుచుకుని బిగుసుకునేది) తొడిగితే పోగుల దారి కూడా మూసుకుపోతుంది. ఈ సోల్డరింగ్ వైరును ప్యాక్‌కు కలపక ముందే చేయాలి.

సమాధానం 2:

పై సమాధానంతో ఏకీభవిస్తున్నాను. అయితే ఒక్క గంట వానకే అంత చిలుము పట్టడం కష్టం. మీరు పూసిన సీలెంట్ ఆరేటప్పుడు వెనిగర్ వంటి పుల్లని వాసన వచ్చిందా? ఆ రకం సిలికాన్ ఆరుతూ ఎసిటిక్ ఆమ్లాన్ని విడుదల చేస్తుంది. మూసిన డబ్బాలో ఆ ఆవిరి ఎటూ పోలేక రాగిని తినేస్తుంది. ఎలక్ట్రానిక్స్‌కు న్యూట్రల్ క్యూర్ (ఆరేటప్పుడు ఆమ్లం వదలని రకం) అని రాసి ఉన్న సిలికాన్‌నే వాడాలి.

ఎపాక్సీ ఆలోచనను దయచేసి పూర్తిగా మానుకోండి. 18650 సెల్ ప్లస్ కొన దగ్గర, లోపల పీడనం ప్రమాదకరంగా పెరిగినప్పుడు తెరుచుకొని వాయువును బయటకు వదిలే ఏర్పాటు ఉంటుంది. దానిని గట్టి ఎపాక్సీతో కప్పితే, మెల్లగా బయటకు పోవలసిన వాయువు డబ్బాను పగలగొట్టుకొని రావచ్చు. కావాలంటే సర్క్యూట్ బోర్డుకు మాత్రం కన్ఫార్మల్ కోటింగ్ (తేమ తగలకుండా కాపాడే పలుచని పూత) పూయండి.

సమాధానం 3:

నా అనుభవం కొంచెం వేరు. పూర్తిగా మూసిన డబ్బాలో ఒకసారి చేరిన తేమ బయటకు పోయే దారి ఉండదు. అందుకే నేను ప్యాక్‌కు హీట్ ష్రింక్ తొడిగి, దానిని పాత సైకిల్ ట్యూబు ముక్కలో దూర్చి, పైకొనను రెండు మడతలు వేసి జిప్ టైతో బిగించి, వైరు బయటకు వచ్చే కిందికొనను కొద్దిగా వదులుగా ఉంచుతాను. పైనుండి పడే వాన లోపలికి రాదు, లోపలి తేమ కిందికి పోతుంది. నీటిలో మునిగే అవకాశం ఉన్నవారికి మాత్రం ఇది పనికిరాదు.

ప్రశ్న అడిగినవారు:

అందరికీ కృతజ్ఞతలు. సీలెంట్ నిజంగానే పుల్లని వాసన వేసింది. ఆ పాత సెల్లను ఆరబెట్టి మళ్ళీ వాడవచ్చా? కొత్త డబ్బా సరిగా మూసుకుందో లేదో ముందే తెలుసుకునే మార్గం ఉందా?

సమాధానం 2 ఇచ్చినవారు:

సెల్లను విడదీసి ఒక్కొక్కదాని వోల్టేజ్ చూడండి. 2.5 వోల్టుల కంటే కిందికి పడిపోయినా, ప్లస్ కొన దగ్గర తుప్పు కనిపించినా వాటిని ఛార్జ్ చేయకుండా బ్యాటరీల సేకరణకు అప్పగించండి. ఆ రక్షణ సర్క్యూట్‌ను మాత్రం ఎలా ఉన్నా మార్చవలసిందే.

డబ్బాను సెల్లు పెట్టకుండానే పరీక్షించండి. లోపల పొడి టిష్యూ కాగితం పెట్టి, వైరుతో సహా మూసి, కాసేపు ఎండలో వెచ్చబడనిచ్చి, వెంటనే చల్లని నీటిలో అరగంట ముంచి ఉంచండి. చల్లని డబ్బాను ముంచితే ఈ లోపం బయటపడకపోవచ్చు. వైరు రెండో కొనను కూడా నీటిలోనే ఉంచితే పోగుల దారి మూసుకుందో లేదో కూడా అదే కాగితం చెబుతుంది.