మా ఊరి గట్టు దగ్గర ఫైరింగ్ రేంజ్ విస్తరణ: ఎవరిని, ఏమని అడగాలి?

ప్రశ్న
వేరుశనగ రైతు, అనంతపురం జిల్లా

అనంతపురానికి ఇరవై కిలోమీటర్ల లోపున్న మా ఊరికి పడమటి వైపు ఒక గట్టు (రాతి కొండ) ఉంది. ఆ గట్టుకు అవతలి పక్క సాయుధ సిబ్బంది శిక్షణ కోసం చాలా ఏళ్లుగా ఒక ఆరుబయలు ఫైరింగ్ రేంజ్ నడుస్తోంది. ఇప్పటిదాకా యాభై మీటర్ల లోపు నుంచే గట్టు వైపు కాల్చేవారు. అదీ ఏడాదిలో కొన్ని రోజులే. ముందురోజు ఊళ్లో చాటింపు వేసేవారు, గొర్రెల కాపరులు మందలను చెరువు వైపు మళ్లించుకునేవారు, అంతటితో సరిపోయేది. ఇప్పుడు అక్కడ మూడు వందల మీటర్ల లైను వేసి ఏడాది పొడవునా శిక్షణ జరుపుతారని, అందుకోసం పక్కనున్న పోరంబోకు భూమినీ కొన్ని డీకేటీ పట్టాలనూ (పేదలకు ప్రభుత్వం ఇచ్చిన భూములు) కలుపుకుంటారని చెబుతున్నారు. క్రీడాకారులకు కూడా ఉపయోగపడుతుందన్న మాట వినిపించింది. మేము సందేహాలు అడిగితే వచ్చిన జవాబు ఒక్కటే: ఇంత గట్టు అడ్డం ఉండగా మీకు భయమెందుకు?

భయానికి కారణం ఉంది. కిందటి నెల మా చేనిలో కలుపు తీస్తున్న కూలీ ఒకామె వేరుశనగ మొక్కల మధ్య నుంచి ఒక తూటాను ఏరి నా చేతిలో పెట్టింది. చిటికెన వేలి కొస కణుపు కన్నా చిన్నది. పైన రాగి రంగు తొడుగు, ఒక పక్క సుత్తితో కొట్టినట్టు చదునుగా అణిగిపోయి, తొడుగు చీలిన చోట బూడిద రంగు సీసం కనిపిస్తోంది. గట్టు అంచు నుంచి మా చేనికి ఎంత లేదన్నా అర కిలోమీటరు ఉంటుంది. ఆ రోజు నుంచి ఆమె ఆ చేనికి కూలికి రానంటోంది. ఆమెను తప్పుపట్టలేను.

శిక్షణకు నేను వ్యతిరేకిని కాను. మా అన్న కొడుకు కూడా కానిస్టేబులే. అభ్యంతరం తెలపాలంటే ఏ విషయం మీద తెలపాలి, ఎవరికి ఇవ్వాలి, బోరు నీళ్లకు ఏమైనా ప్రమాదం ఉందా అన్నవి తెలిసినవారు చెప్పగలరని అడుగుతున్నాను.

జవాబు
విశ్రాంత హెడ్ కానిస్టేబుల్, కడప

అయ్యా, ఉద్యోగ జీవితంలో చాలా భాగం ఆయుధాగారంలోనూ ఫైరింగ్ రేంజ్‌లోనూ గడిపినవాణ్ని కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను. మీరు చెప్పిన తూటా ఒక పక్కకు అణిగి ఉందంటే అది గట్టు మీదుగా నేరుగా దాటి వచ్చింది కాకపోవచ్చు. నేరుగా వెళ్లి మెత్తటి దుక్కిలో పడిన తూటా చాలావరకు ఆకారం చెడకుండా ఉంటుంది. మీది బండను తాకి, దిశ మార్చుకుని ఎగిరి వచ్చిందని నా అనుమానం. మన అనంతపురం గట్లన్నీ నల్లరాతి గుండ్లే కదా. చూడడానికి అంతకు మించిన అడ్డుగోడ లేదనిపిస్తుంది గాని తూటాను ఆపేది మట్టి, రాయి కాదు. అందుకే లక్ష్యాల వెనక రాళ్లు ఏరేసిన మట్టితో ప్రత్యేకంగా దిబ్బ కట్టాలి, వానలకు అది కోసుకుపోయి లోపలి రాళ్లు బయటపడినప్పుడల్లా మళ్లీ మట్టి పోయాలి. విస్తరణ సంగతి అటుంచి, ఆ దిబ్బకు చివరిసారి మట్టి పోసింది ఎప్పుడో ముందు అడగండి.

ఇక గట్టు ఉందన్న ధైర్యం విషయం. లక్ష్యానికి వంద మీటర్ల వెనక నలభై మీటర్ల ఎత్తున గట్టు కొమ్ము ఉందనుకుందాం. యాభై మీటర్ల దూరంలో నిలబడినవాడి తూటా ఆ కొమ్మును దాటాలంటే తుపాకీ గొట్టం దాదాపు పదిహేను డిగ్రీలు పైకి లేవాలి. పక్కన ఉస్తాద్ (శిక్షకుడు) ఉండగా అంత పొరపాటు జరగడం కష్టం. అదే మనిషిని మూడు వందల మీటర్ల వెనక్కి జరిపితే ఆరు డిగ్రీలు కూడా అక్కర్లేదు. కొత్తగా చేరిన కుర్రవాడు ట్రిగ్గర్‌ను గుంజినట్టు లాగితే, లేదా నిలబడి వరుసగా కాల్చేటప్పుడు తుపాకీ భుజం మీద కుదరకపోతే, ఆ మాత్రం తేడా రావచ్చు. గట్టు అదే గట్టు, కాల్చేవాడు వెనక్కి వెళ్లేకొద్దీ అది పొట్టిదైపోతుంది. పైగా దగ్గరి లైనులో వాడేది పిస్తోలు, కార్బైన్ అయితే మూడు వందల మీటర్ల లైనులో వాడేది రైఫిల్. ఇన్సాస్ రైఫిల్ తూటా సెకనుకు తొమ్మిది వందల మీటర్ల వేగంతో బయలుదేరుతుంది, అడ్డులేకపోతే రెండు మూడు కిలోమీటర్లు పోతుంది. మీ చేను అర కిలోమీటరు దూరంలోనే ఉంది.

ఒక జాగ్రత్త. మీకు దొరికినది కాల్చిన తూటా. ఎప్పుడైనా పేలని తూటా దొరికితే మాత్రం ముట్టుకోకండి, ఇంట్లో అసలే పెట్టుకోకండి. లైసెన్సు లేకుండా మందుగుండు దగ్గర ఉంచుకోవడం 1959 ఆయుధాల చట్టం కింద నేరం. పడిన చోటనే ఫొటో తీసి, సర్వే నంబరు రాసుకుని, పోలీసులకు తెలియజేసి రసీదు తీసుకోండి.

జవాబు
రైఫిల్ షూటింగ్ సాధకురాలు, కర్నూలు

క్రీడాకారుల పేరు వచ్చింది కాబట్టి ఒక్క మాట చెబుతాను. ఒలింపిక్స్‌లో రైఫిల్ పోటీలు పది మీటర్లు, యాభై మీటర్ల దూరాల్లోనే జరుగుతాయి. మూడు వందల మీటర్ల పోటీ 1972 మ్యూనిక్ తరవాత ఒలింపిక్స్‌లో లేదు. పది మీటర్ల ఎయిర్ రైఫిల్‌కు గట్టు కాదు, నాలుగు గోడల హాలు చాలు. 2012లో లండన్‌లో గగన్ నారంగ్‌కు కాంస్యం వచ్చింది ఆ పోటీలోనే. మన జిల్లాల పిల్లలకు సాధన చేసుకునే చోటు కావాలన్నది నిజమే, నేనే ఎన్నోసార్లు హైదరాబాదుకు బస్సెక్కాను. కానీ మూడు వందల మీటర్ల లైనుకు మా పేరు అడ్డం పెట్టుకోవడం నాకు నచ్చలేదు.

జవాబు
రసాయనశాస్త్ర అధ్యాపకుడు, కర్నూలు

బోరు నీళ్ల గురించి అడిగారు. నా అభిప్రాయంలో మీ మొదటి ఆందోళన బోరు కాకూడదు. సీసం నేలలో తేలిగ్గా కరిగి లోతుకు దిగే లోహం కాదు, ఆమ్ల గుణం లేని నేలల్లో మట్టిని అంటిపెట్టుకుని పై పొరలోనే చాలాకాలం ఉండిపోతుంది. మీ జిల్లాలో ఏడాది వాన సుమారు 550 మిల్లీమీటర్లే, బోర్లేమో వందల అడుగుల లోతున ఉన్నాయి. అయితే ఆ కొద్దిపాటి వాన కూడా ఒక్కోసారి రెండు గంటల్లోనే కుమ్మరించిపోతుంది. అప్పుడు దిబ్బ మీది మట్టి, అందులో నలిగిన సీసపు పొడితో సహా వంకలోకి కొట్టుకొస్తుంది. కాబట్టి చూడవలసింది దిబ్బ కింది నీళ్లు ఏ వంకలో కలుస్తాయి, ఆ వంక ఏ కుంటలో నిలుస్తుంది, ఆ కుంటలో ఎవరి గొర్రెలు నీళ్లు తాగుతాయి అన్నది. తాగునీటిలో సీసం లీటరుకు 0.01 మిల్లీగ్రాము మించకూడదని భారతీయ ప్రమాణం ఐఎస్ 10500 చెబుతోంది. విస్తరణ మొదలయ్యే ముందే కుంట నీటినీ అడుగు బురదనూ ఒకసారి పరీక్ష చేయించి కాగితం దగ్గర పెట్టుకోండి. ముందటి లెక్క లేకపోతే తరవాత ఎంత పెరిగిందో ఎవరూ తేల్చలేరు.

ఇంతకన్నా నన్ను కలవరపెట్టే విషయం మరొకటి ఉంది. ఇలాంటి చోట్ల పిల్లలు దిబ్బలో తూటాలు ఏరి పాత సామాన్ల అంగడికి అమ్ముతుంటారు, కొందరు ఇంటి దగ్గరే కరిగిస్తారు. సీసం 327 డిగ్రీలకే కరుగుతుంది, దానికి కట్టెల పొయ్యి చాలు. ఆ పొగ, ఆ బూడిద పిల్లల ఒంట్లో చేరితే మెదడు ఎదుగుదల దెబ్బతింటుంది, ఇంత వరకు ఫర్వాలేదనే మోతాదు సీసానికి లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ స్పష్టంగా చెప్పింది. మీ ఊరి అంగట్లో తూటా సీసం తూకానికి వస్తోందేమో విచారించండి.

జవాబు
ఓర్వకల్లు వైపు వాసి

మా దగ్గర రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీఓ రేంజ్ ఉంది. 2025 ఏప్రిల్‌లో లేజర్ ఆయుధాన్నీ, జులైలో డ్రోన్ నుంచి వదిలే క్షిపణినీ పరీక్షించింది అక్కడే. దాన్నే భరిస్తున్నాము, తుపాకీ చప్పుళ్లకు ఇంత చర్చ ఎందుకు?

జవాబు
న్యాయవాది, అనంతపురం

పై మిత్రునితో నేను ఏకీభవించలేను. అప్పుడప్పుడూ జరిగే పరీక్ష వేరు, ఏడాది పొడవునా చేరే కొత్త సిబ్బంది చేతుల్లోని రైఫిళ్లు వేరు.

రైతుగారూ, విస్తరణ ఆపాలని ఒక్క మాటలో రాసిన అర్జీకి విలువ ఉండదు. ముందు భూమి ఏమిటో తేల్చుకోండి. ఎఫ్‌ఎంబీ (పొలం కొలతల పటం) నకలు తీసుకుని, కొత్త హద్దులో ఏ సర్వే నంబర్లు వస్తున్నాయో, వాటిలో పోరంబోకు ఎంత, డీకేటీ ఎంత, గట్టులో రిజర్వు ఫారెస్టు ఏమైనా కలుస్తోందా అన్నది చూడండి. అటవీ భూమి కలిస్తే 1980 నాటి అటవీ సంరక్షణ చట్టం ప్రకారం సాధారణంగా కేంద్ర అనుమతి కావాలి, అయితే 2023 సవరణ భద్రతా నిర్మాణాలకు పది హెక్టార్ల వరకు మినహాయింపు ఇచ్చింది కాబట్టి ఎంత కలుస్తోందో కూడా చూడండి. పట్టా భూమిని సేకరించాలంటే 2013 భూసేకరణ చట్టం ఉంది. డీకేటీ పట్టాదారులు మాత్రం ఎవరో చెప్పారని ఖాళీ కాగితాల మీద సంతకాలు పెట్టవద్దు. ఇది ఎన్నిసార్లు చెప్పినా తక్కువే.

తరవాత సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు చేయండి. పది రూపాయల రుసుము, ముప్పై రోజుల గడువు. భద్రతా కారణాలు చెప్పి నిరాకరిస్తారన్న భయం మీకు ఉండవచ్చు, అందుకే ఆయుధాల సంఖ్య, మందుగుండు నిల్వ వంటివి అడగనే వద్దు. కాల్పుల దిశ, తూటా పడే అవకాశమున్న ప్రమాద ప్రాంతాన్ని చూపే పటం, దిబ్బ మరమ్మతు వివరాలు, ఈ మూడే అడగండి. కొంత భాగం రహస్యమైనా మిగతాది విడదీసి ఇవ్వాలని ఆ చట్టం పదో సెక్షన్ చెబుతోంది. దానితోపాటు సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ ఇచ్చి, తూటా ఫొటో జతచేసి, నంబరు వేయించుకోండి.

చప్పుడు గురించి ఒక చిక్కు ఉంది. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాలు నివాస ప్రాంతానికి పగలు 55, రాత్రి 45 డెసిబెళ్ల పరిమితి పెట్టాయి. అది కొంతసేపటి సగటు లెక్క. తుపాకీ చప్పుడు క్షణంలో వచ్చి పోయేది కాబట్టి సగటులో అది పలచబడిపోతుంది. అందుకని డెసిబెళ్ల మీద వాదన పెంచకుండా, బడి నడిచే వేళల్లో, రాత్రిపూట కాల్పులు ఉండకూడదని వేళలు రాయించుకోవడం మేలు.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. నిన్న అంగడి దగ్గర విచారించాను. అధ్యాపకుల అనుమానం నిజమే, ఇద్దరు పిల్లలు పాలపొడి డబ్బా నిండా తెచ్చి అమ్మారట. వాళ్ల ఇళ్లకు వెళ్లి చెప్పి వచ్చాను. హెడ్ కానిస్టేబుల్ గారూ, కాపరులు ఒకటి అడగమన్నారు: చాటింపు వినని రోజున కాల్పులు ఉన్నాయో లేదో దూరం నుంచి తెలిసే గుర్తు ఏమైనా ఉంటుందా?

జవాబు
విశ్రాంత హెడ్ కానిస్టేబుల్, కడప

ఎర్ర జెండా. కాల్పులు జరిగినంతసేపు రేంజ్ దగ్గర ఎగరాలి. అయితే అది పడమటి వైపున ఎగిరితే తూర్పున ఉన్న మీ కాపరులకు కనిపించదు కదా. గట్టు కొమ్ము మీద, మీ వైపు దారి మొదట్లో కూడా ఒక్కొక్క జెండా, కాల్పులు ముగిసేదాకా అక్కడ ఒక కాపలా మనిషి ఉండాలని అర్జీలో చేర్చండి. ఈ ఒక్కటీ విస్తరణ తేలేదాకా ఆగవలసిన పని కాదు, రేపటి కాల్పులకే అడగవచ్చు.