కొండ మీద ఆగే సిగరెట్టు అలిపిరి దిగితే ఆగడం లేదు, నికోటిన్ గమ్ ఎట్లా వాడాలి?

అలిపిరి_ట్యాక్సీ:
తిరుపతి–తిరుమల ట్యాక్సీ నాది. రోజుకు 15 సిగరెట్లు, లేచిన పది నిమిషాల్లో మొదటిది పడాల. కొండ మీద పొగాకు నిషేధం కాబట్టి పైన ఉన్న నాలుగైదు గంటలూ తాగను, పెద్ద ఇబ్బందీ ఉండదు. కిందికొచ్చి టీ బంకు ముందు బండి ఆపితే వెంటవెంటనే రెండు. ఇంట్లో ఆస్తమా ఉన్న పాప ఉంది, పూర్తిగా మానేయాల. మెడికల్ షాపులో 2 మిల్లీగ్రాముల నికోటిన్ గమ్ ఇచ్చినారు. వెక్కిళ్ళు, గుండెల్లో మంట వస్తున్నాయి గానీ కోరిక తగ్గలేదు. గమ్ పనిచేయదా? ఘాట్‌లో చిరాకు, తల తిరగడం వస్తే ఎట్లా?

మందుల_కౌంటర్:
వెక్కిళ్ళూ మంటా వస్తున్నాయంటే గమ్‌ను గబగబా నమిలి ఉమ్ము మింగేస్తున్నారన్నా. నికోటిన్ ఎక్కాల్సింది బుగ్గ లోపలి పొర నుంచి. కడుపులోకి పోతే మంట పుడుతుంది, రక్తంలోకి చేరేది తక్కువ. నెమ్మదిగా నమలండి. మిరియంలా ఘాటు తగలగానే ఆపి, బుగ్గకూ చిగురుకూ మధ్య పెట్టుకోండి. నిమిషానికి ఘాటు పోతుంది, మళ్ళీ నమిలి రెండో వైపు పెట్టండి. ఒక్క గమ్ అరగంట రావాలి.

టీ, కాఫీ, నిమ్మసోడా తాగితే నోరు పుల్లబడి నికోటిన్ పొరలోకి దిగదు. గమ్‌కు 15 నిమిషాల ముందు నుంచి, అది నోట్లో ఉన్నంతసేపూ నీళ్ళు తప్ప ఏమీ వద్దు.

మీకు 2 మిల్లీగ్రాములు చాలదు. లేచిన అరగంటలోపే సిగరెట్టు కావాల్సినవాళ్ళకు 4 మిల్లీగ్రాములు, దానికి డాక్టరు చీటీ ఉండాలి. మొదటి 6 వారాలు గంటకో రెండు గంటలకో ఒకటి, తర్వాత 3 వారాలు 2–4 గంటలకు, చివరి 3 వారాలు 4–8 గంటలకు. రోజుకు 24 దాటకూడదు. రోజుకు మూడో నాలుగో నమిలి పనిచేయలేదని వదిలేసేవాళ్ళే ఎక్కువ.

స్టాండు_సీనియర్:
రెండు గంటలకు రక్తంలో నికోటిన్ సగానికి పడిపోతుంది. అయినా పైన దొరకదని తెలుసు కాబట్టి మనసు అడగదు, కిందికి వస్తూనే అడుగుతుంది. అందుకని తిరుమలలో బండి తీసేటప్పుడే గమ్ నోట్లో పెట్టుకో తమ్ముడూ, అలిపిరి చేరేలోగా దాని పని అది చేస్తుంది. తనిఖీలో అడిగితే చూపించడానికి పేరున్న స్ట్రిప్పు, బిల్లు దగ్గర ఉండాల.

దిగినాక ఆ బంకు దగ్గర మాత్రం ఆపొద్దు. కోరిక లేస్తే కొన్ని నిమిషాలే గట్టిగా ఉంటుంది. టైర్ల గాలి చూడు, మ్యాట్లు దులుపు, అద్దాలు తుడువు, అంతలో తగ్గిపోతుంది.

మానే రోజును బ్రహ్మోత్సవాల్లోనో వైకుంఠ ఏకాదశికో పెట్టుకోవద్దు. చిరాకు, నిద్రలేమి రెండు మూడు రోజులకు బాగా ముదురుతాయి, 2–4 వారాల్లో సర్దుకుంటాయి. ఆ మొదటి రోజులు ఘాట్ వదిలి కాణిపాకం, శ్రీకాళహస్తి, రేణిగుంట విమానాశ్రయం ట్రిప్పులు చూసుకో. ప్యాసింజర్ల ప్రాణాలు మన చేతిలో ఉన్నాయి, ఇందులో మొహమాటం వద్దు. ఖైనీకి మారితే మానినట్టు కాదు, అదీ పొగాకే.

ఛాతీ_ఓపీ:
ఎవరూ చెప్పని సంగతి టీ. పొగలోని కొన్ని పదార్థాల వల్ల కాలేయం కెఫీన్‌ను త్వరగా కరిగిస్తుంది. మానేశాక ఆ వేగం పోయి, అవే టీలకు ఒంట్లో కెఫీన్ రెట్టింపు దాకా పెరుగుతుంది. గుండె దడ, నిద్ర పట్టకపోవడం వస్తే సిగరెట్టు లేకనే అనుకుని మళ్ళీ ముట్టిస్తారు. దీన్ని గమ్ ఆపదు. మానిన రోజు నుంచే టీ, కాఫీ సగం చేయండి.

గమ్‌తో కాకపోతే సిగరెట్టు మానడానికి వరెనిక్లిన్ అనే మాత్ర ఉంది, డాక్టరు రాయాలి. మానడానికి వారం ముందే మొదలు: 3 రోజులు 0.5 మిల్లీగ్రాము ఒకసారి, 4 రోజులు రెండుపూటలా 0.5, తర్వాత రెండుపూటలా 1 మిల్లీగ్రాము, మొత్తం 12 వారాలు. పరగడుపున వేస్తే వికారం, భోజనం తర్వాత గ్లాసు నిండా నీళ్ళతో వేసుకోవాలి. కొందరికి మత్తు, తల తిరుగుడు ఉంటాయి. తనకెట్లా ఉందో తేలేదాకా డ్రైవింగ్ వద్దు.

అలిపిరి_ట్యాక్సీ:
4 మిల్లీగ్రాముల చీటీకి ఎక్కడికి పోవాల సార్?

ఛాతీ_ఓపీ:
తిరుపతి రుయా ఆసుపత్రిలో ఛాతీ వైద్యుల ఓపీకి పొండి. మొదటి సిగరెట్టు ఎప్పుడు తాగుతారో, గుండెజబ్బు, మూర్ఛ ఉన్నాయో లేదో ముందే చెప్పండి, మందు దాన్నిబట్టే మారుతుంది. మధ్యలో సలహాకు 1800-11-2356, ఉచితం, సిగరెట్టు పెట్టె మీదే అచ్చయి ఉంటుంది.