పుస్తకం చదివిన పిలకాయలు హుండీ పట్టుకుని ఇంటింటికీ తిరగొచ్చా?

చిత్తూరు అమ్మ:
మా పాప ఏడో తరగతి. ఇంగ్లీషు క్లాసులో లిండా స్యూ పార్క్ రాసిన 'ఎ లాంగ్ వాక్ టు వాటర్' చదివించారు. 1985లో సూడాన్ యుద్ధానికి భయపడి పదకొండేళ్ళకే ఊరొదిలి పరుగెత్తిన సాల్వా కథ, రోజుకు రెండుసార్లు చెరువుకు నడిచి నీళ్ళు మోసే నయా అనే పిల్ల కథ. సాల్వా నిజం మనిషే. పెద్దయ్యాక దక్షిణ సూడాన్‌లో బోర్లు వేయించే సంస్థ పెట్టాడు. ఇప్పుడు పిల్లలంతా చందాలు పోగుచేసి అక్కడికి పంపుతామంటున్నారు. వీధుల్లో తిరుగుతారట. మా ఆయన ససేమిరా అంటున్నారు. మీరేమంటారు?

కుప్పం కుర్రోడు:
సూడాన్‌కెందుకక్కా? మా పక్క వెయ్యడుగులు దించినా దుమ్ము తప్ప ఏమీ రాని బోర్లు ఎన్నో ఉన్నాయి. ముందు మనూరు చూసుకోమనండి.

రిటైర్డ్ అయ్యవారు:
బాబూ, 'ముందు మనూరు' అనేవాళ్ళు మనూరికి ఎంతిచ్చారో అడిగితే గమ్మునుంటారు. నేను చాలామందిని అడిగి చూశాను. ఎక్కడి పిల్ల కష్టమో చదివి వీళ్ళకు నిద్ర పట్టలేదంటే పాఠం ఒంటబట్టినట్టే. దాన్ని మ్యాపు చూపించి ఆపకండి. నా అభ్యంతరం వేరే: ఎండలో గేట్లు కొట్టించడం. ఇవ్వనివాళ్ళు విసుక్కుంటారు, ఇచ్చినవాళ్ళు ఫోటో అడుగుతారు. పిల్లలు తమ పాత పుస్తకాలు, బొమ్మలు స్కూల్లోనే అమ్ముకోనీ.

కుప్పం కుర్రోడు:
సార్, నేను ఇచ్చాను. మా ఊళ్ళో దాతలు వాటర్ ప్లాంటు పెడితే అందరం తలా కొంత వేశాం. రిబ్బన్ కత్తిరించేటప్పుడు టెంటు నిండా జనం. నీళ్ళు వడగట్టే మెంబ్రేన్ పొర పాడైనాక ఒక్కరూ లేరు. ఇప్పుడు మళ్ళీ క్యాన్ నీళ్ళే కొంటున్నాం. సూడాన్ బోరుకు మాత్రం ఈ గతి పట్టదని గ్యారంటీ ఏంది?

నీటి ల్యాబ్ మనిషి:
మంచి ప్రశ్న. ఆ సంస్థ పాత బోర్లను బాగుచేసే పని కూడా చేస్తుంది, కాబట్టి పంపితే ఆ బాగుచేసే పనికే పంపమనండి. కొత్త బోరంత సంబరం ఉండదు, ఉపయోగం మాత్రం ఎక్కువ. ఇంకో మాట. పిల్లలు తమ స్కూలు కుళాయి నీళ్ళు ఎప్పుడైనా పరీక్ష చేయించారా? ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదు, వేరే నీళ్ళు దొరకనిచోట 1.5 దాకా ఒప్పుకుంటారు. చాలామంది కాచి తాగితే పోతుందనుకుంటారు. పోదు. నీరు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. ఇది తెలుసుకోవడానికి ఏ గేటూ కొట్టక్కర్లేదు, ఒక సీసా నీళ్ళు ల్యాబుకు పంపిస్తే చాలు.

తిరుపతి ఆడిటర్:
అందరూ మంచే చెప్పారు, లెక్క ఎవరూ అడగలేదు. డబ్బు ఎవరి ఖాతాలో పడుతుంది? బయటి దేశానికి పంపాలంటే బ్యాంకు పాన్ అడుగుతుంది. విదేశీ సంస్థకిచ్చే విరాళానికి ఆదాయపన్నులో 80జి మినహాయింపు రాదు, దాతలకు ముందే చెప్పాలి. రసీదు పుస్తకం లేకుండా ఒక్క హుండీ కూడా స్కూలు గేటు దాటకూడదు.

చిత్తూరు అమ్మ:
ఖాతా సంగతి స్కూల్లో అడిగితే 'చూద్దాం మేడం' అన్నారు. పాపకు చెప్పాను, రసీదు పుస్తకం వచ్చేదాకా వీధికి వద్దని. అలిగింది. సీసా నీళ్ళ సంగతి చెప్పగానే మాత్రం అలక మరిచి, ల్యాబు ఎక్కడుందమ్మా అని అడుగుతోంది. అన్నా, చిత్తూరులో ఎక్కడివ్వాలి?