ట్రస్టు పెట్టిన వంశం మాటా, ప్రభుత్వం మాటా? మాన్సాస్ తీర్పు మీద చర్చ

చంపావతి:
మాన్సాస్ విషయంలో మా ఇంట్లో ఇప్పటికీ వాదన తెగలేదు. తెలియనివారి కోసం రెండు ముక్కలు. విజయనగరంలో విద్యాసంస్థలు నడపడానికి 1958లో అక్కడి రాజవంశానికి చెందిన పి.వి.జి. రాజు గారు పెట్టిన ట్రస్టు ఇది. 2016లో ఆయన పెద్ద కొడుకు ఆనంద గజపతిరాజు గారు పోయాక తమ్ముడు అశోక్ గజపతిరాజు గారు చైర్మన్ అయ్యారు. 2020 మార్చిలో ప్రభుత్వం జీవో ఇచ్చి ఆనంద గారి కూతురు సంచయిత గారిని ఆ పదవిలో కూర్చోబెట్టింది. 2021 జూన్‌లో హైకోర్టు ఆ జీవోను కొట్టేసింది. నా మటుకు తీర్పు సరైనదే. ఇచ్చిన మనిషి షరతు పెట్టి ఇచ్చాడు. ఆస్తి ఉంచుకుని షరతు చెరిపేస్తే రేపు ఇంకొకరు ముందుకొచ్చి ఇస్తారా?

గోస్తని:
ఆ షరతు ఏమిటో కూడా చెప్పండి. మగ సంతతిలో పెద్దవారే ఉండాలన్న వాదన మీదే కదా అంతా నడిచింది! 2005లో హిందూ వారసత్వ చట్టం సవరణతో ఉమ్మడి ఆస్తిలో కూతురికి కొడుకుతో సమానంగా హక్కు వచ్చింది. జనం కోసం పెట్టిన ట్రస్టులో మాత్రం ఆడపిల్ల పనికిరాదా? నాకిది మింగుడుపడదు.

పాతఫైలు:
కోర్టులో ముప్పై ఏళ్లుగా పనిచేస్తున్నాను. మీరిద్దరూ ఆస్తినీ పెత్తనాన్నీ కలిపేస్తున్నారు. 2005 సవరణ కుటుంబ ఆస్తికి సంబంధించింది. ట్రస్టు ఆస్తిలో ట్రస్టీకి సొంత వాటా ఉండదు, కాబట్టి గోస్తని గారి పోలిక చట్టం ముందు నిలవదు, న్యాయంగా ఆమె బాధ నిజమే అయినా.

చంపావతి గారూ, వంశం మాటే చివరి మాట అనడానికీ లేదు. 1987 దేవాదాయ చట్టం వంశపారంపర్య ధర్మకర్తృత్వాన్ని రద్దు చేసింది. పన్నాలాల్ బన్సీలాల్ పిత్తీ కేసులో 1996లో సుప్రీంకోర్టు ఆ రద్దు చెల్లుతుందంటూనే, బోర్డు చైర్మన్‌గా వ్యవస్థాపకుడో ఆయన కుటుంబ సభ్యుడో ఉండాలంది. కుటుంబంలో ఎవరన్న తగాదా వస్తే సాక్ష్యం చూసి తేల్చడానికి దేవాదాయ ట్రైబ్యునల్ ఉంది. అది జీవోతో తేల్చే పని కాదు.

సత్రం మనవడు:
మీరంతా చైర్మన్ ఎవరని అడుగుతున్నారు. లెక్కలు ఎవరు చూపిస్తారని ఒక్కరూ అడగలేదు.

మా తాతగారు ఒక సత్రానికి స్థలం ఇచ్చారు. నడిపే కుటుంబంలో రెండు శాఖలు నాలుగేళ్లుగా కోర్టులో ఉన్నాయి. ఈలోగా భోజనాలు ఆగిపోయాయి. సత్రం ముందున్న కొట్ల అద్దె ఎవరు తీసుకుంటున్నారో ఎవరూ చెప్పరు. అడిగితే "కేసు నడుస్తోంది" అంటారు. తినడానికి వచ్చేవాళ్ల తరఫున వాదించేవాళ్లే లేరు.

తిరువనంతపురం అనంత పద్మనాభస్వామి ఆలయం కేసు చూడండి. 2020 జూలైలో సుప్రీంకోర్టు ఆలయంపై తిరువాన్కూరు రాజకుటుంబం హక్కును ఒప్పుకుంది, పాలన మాత్రం జిల్లా జడ్జి అధ్యక్షతన కమిటీకి ఇచ్చింది. మరుసటి ఏడాది ఆ కుటుంబం పెట్టిన ట్రస్టు తమకు ఆడిట్ వద్దంటే కోర్టు ఒప్పుకోలేదు. నాకు నచ్చినది ఆ రెండో ముక్క. ఎవరైనా కూర్చోనివ్వండి, పుస్తకాలు తెరిచి కూర్చోవాలి.

చంపావతి:
మీ మాటతో నా పట్టు కొంత సడలింది. మగ సంతతి షరతు మారాలని ఒప్పుకుంటున్నాను. కానీ మార్చేది కోర్టు కావాలి, మారిన ప్రభుత్వం కాదు. ప్రభుత్వం మారినప్పుడల్లా చైర్మన్ మారితే కాలేజీల్లో జీతాల ఫైలు మీద ఎవరు సంతకం పెడతారు?

గోస్తని:
కోర్టు ద్వారా అయితే నాకూ అభ్యంతరం లేదు. పదేళ్లు పట్టకూడదు, అంతే.

పాతఫైలు:
సత్రం మనవడు గారూ, మీ సత్రం దేవాదాయ చట్టం కిందకి వస్తుందో రాదో ముందు చూసుకోండి. వస్తే దేవాదాయ శాఖకు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. రాకపోతే సివిల్ ప్రొసీజర్ కోడ్ 92వ సెక్షన్ ఉంది. ట్రస్టులో ఆసక్తి ఉన్న ఇద్దరు కలిసి కోర్టు అనుమతితో దావా వేయొచ్చు. ట్రస్టీని తొలగించమనీ, లెక్కలు చూపించమనీ, నడపడానికి స్కీము, అంటే నియమావళి, రాయమనీ అడగొచ్చు. 1976 సవరణకు ముందు దీనికి అడ్వకేట్ జనరల్ సమ్మతి కావాల్సి వచ్చేది, ఇప్పుడు అక్కర్లేదు. మీరు ఒక్కరే సరిపోరు.

సత్రం మనవడు:
రెండో మనిషి ఉన్నారు. అక్కడ ఇరవై ఏళ్లు వంట చేసిన పెద్దాయన. సోమవారం ఇద్దరం దస్తావేజు నకలు కోసం రిజిస్ట్రార్ ఆఫీసుకు వెళ్తాం.