సెయింట్ ఆండ్రూస్‌లో "మద్రాస్ కాలేజ్" అంట, అది స్కూలేనా?

గుంటూరు_అమ్మాయి: అందరికీ నమస్తే. మావారికి స్కాట్లాండ్‌లోని డండీలో జాబ్ వచ్చింది, ఇల్లేమో సెయింట్ ఆండ్రూస్‌లో దొరికింది. బాబుకి పన్నెండేళ్ళు, ఆగస్టులో చేర్పించాలి. అడ్రస్ కొట్టి చూస్తే క్యాచ్‌మెంట్ స్కూల్ (ఆ ఏరియా పిల్లలకి కేటాయించిన బడి) మద్రాస్ కాలేజ్ అని వస్తోంది. మా అత్తగారికి చెప్తే పన్నెండేళ్ళకే కాలేజీ ఏంటే, అదీ మద్రాసులోనా అని కంగారుపడిపోయారు 😄 అసలు స్కాట్లాండ్‌లో ఈ పేరేంటి? గవర్నమెంటుదా, ఫీజులుంటాయా?

ఫైఫ్_బాబాయ్: కంగారేం లేదమ్మా, అది ఫైఫ్ కౌన్సిల్ (ఇక్కడి స్థానిక ప్రభుత్వం) వాళ్ళ సర్కారు బడే, ఫీజు లేదు. పేరుకే కాలేజ్. ఇక్కడ ప్రైమరీ ఏడేళ్ళు అయ్యాక ఎస్1లో, అంటే సెకండరీ మొదటి ఏడులో చేరతారు, ఎస్6 దాకా. ఎస్4లో నేషనల్ 5 పరీక్షలు, ఎస్5లో హయ్యర్స్ పరీక్షలు, ఆ హయ్యర్స్ మార్కులే యూనివర్సిటీకి ముఖ్యం, మన ఇంటర్ అనుకోండి. బిల్డింగ్ కూడా కొత్తదే, ఊరి పడమటి చివర లాంగ్‌లాండ్స్‌లో 2021లో తెరిచారు. అంతకుముందు చాలా ఏళ్ళు రెండు చోట్ల నడిచేది, చిన్న క్లాసులు కిల్‌రీమాంట్ రోడ్డులో, పెద్ద క్లాసులు సౌత్ స్ట్రీట్‌లో. మా పక్కింటావిడ అక్కడే చదివింది, వానలో టీచర్లు ఫైళ్ళు చంకన పెట్టుకుని ఈ బిల్డింగ్ నుంచి ఆ బిల్డింగ్‌కి పడుతూ లేస్తూ వచ్చేవాళ్ళని ఇప్పటికీ నవ్వుతుంది. సౌత్ స్ట్రీట్ పాత స్కూల్ మాత్రం చూసి తీరాలి, గేటు ముందే పాత క్రైస్తవ మఠం తాలూకు శిథిల గోడ నిలబడి ఉంటుంది, రోజూ దాని పక్కనుంచే పిల్లలు బడికి పోయేవాళ్ళు. ఇప్పుడది యూనివర్సిటీ చేతికెళ్ళింది.

పాతకాగితాలు: పేరు సంగతి నేను చెప్తా, దీనికి మన మద్రాసుతో నిజంగానే సంబంధం ఉంది. ఆండ్రూ బెల్ అని సెయింట్ ఆండ్రూస్‌లోనే ఒక మంగలి కొడుకు, 1753లో పుట్టాడు, చర్చి పాదిరీగా 1787లో మద్రాసు వచ్చి ఎగ్మూరులో సైనికుల అనాథ మగపిల్లల ఆశ్రమం చూసుకున్నాడు. ఒకరోజు వీధిబడి పిల్లలు ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దడం చూసి మన బడిలోనూ ఇలాగే నేర్పండి అంటే పంతుళ్ళు ఒప్పుకోలేదు, దాంతో జాన్ ఫ్రిస్కెన్ అనే ఎనిమిదేళ్ళ కుర్రాడికి అప్పజెప్పాడు, వాడు చిన్నవాళ్ళకి నేర్పేశాడు. అక్కడినుంచి పెద్ద పిల్లలే చిన్న పిల్లలకి చెప్పే పద్ధతి, దానికే మద్రాస్ సిస్టమ్ అని పేరు. 1797లో పుస్తకం వేశాడు, ఇంగ్లాండ్‌లో చర్చి స్కూళ్ళ నిండా పాకింది. ముసలితనంలో బోలెడు డబ్బు సొంతూరికి ఇచ్చాడు, దాంతో ఈ బడి 1833లో మొదలైంది. 1832లోనే పోయాడు పాపం, తెరవడం చూడలేదు.

ఓనమాలు_మావయ్య: అంటే మా తాత ఇసుకలో దిద్దిన ఓనమాలకి ఆయన పేరు కొట్టేశాడన్నమాట 🙂 వీధిబడిలో పెద్దవాడు చిన్నవాడితో దిద్దించడం మనకి కొత్తా? ఇంకో మాట, ఆ ఆశ్రమంలో మన పిల్లల్ని చేర్చుకోలేదు, తెల్ల సైనికులకి పుట్టిన వాళ్ళకే.

పాతకాగితాలు: నిజమే మావయ్యా, కాకపోతే మద్రాస్ అని పేరు పెట్టి ఎక్కడిదో చెప్పాడు, ఆ మాత్రం కూడా చెప్పనివాళ్ళు ఎంతమంది లేరు.

గుంటూరు_అమ్మాయి: భలే విషయాలు చెప్పారు, థాంక్యూ బాబాయ్, అందరికీ. అత్తగారికి ఇసుక సంగతి చెప్తే అయితే మన బడేగా అనేశారు, ఇప్పుడు యూనిఫామ్ ఎక్కడ కొనాలో చెప్పండి.

ఫైఫ్_బాబాయ్: టై ఒక్కటి కొనండి చాలు ముందు, మిగతావి వచ్చాక చూద్దాం, ఈ వయసులో నెలకో సైజు పెరుగుతారు.